అన్నయ్య కూతురు ఎందుకు రావడం లేదు?

ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి రాసిన తమ్ముడికి,

డిగ్రీ అయ్యి రెండేళ్లు. రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా రామమందిరంలో 28 మంది పిల్లలకు చదువు, ఆటలు నేర్పుతున్నారు. పైడిభీమవరంలో షిఫ్టులు చేసి ఇల్లు నడిపే అన్నయ్య 'ఊరి పెత్తనాలు మానేసి ఉద్యోగం చూసుకో' అంటున్నాడు. సేవ విలువ ఆయనకెలా చెప్పాలని మీ ప్రశ్న. చెప్పక్కర్లేదు. ఆయన పెట్టే కూడు తింటూ ఆయనకే పాఠం చెప్పడం నాకు నచ్చదు కూడా.

ఉత్తరం చివర్లో ఒక మాట అనేసి దాటేశారు: ఎనిమిది చదివే అన్నయ్య కూతురు మీ దగ్గరికి రాదు. ఊరి పిల్లలంతా వస్తుంటే ఇంటి పిల్ల రాలేదంటే ఆయన బాధ డబ్బొక్కటే కాదు. తొమ్మిది దాకా అక్కడ పెద్దవాళ్లు మీరొక్కరే. పొద్దుపోతే పిల్లల్ని బండి మీద మీరే దింపుతారు. పదో తరగతి వాళ్లు రాత్రి పదకొండుకి కూడా మీకే మెసేజీలు పెడతారని మురిసిపోతూ రాశారు. ఆడపిల్ల తండ్రికి ఇవి ఎలా కనిపిస్తాయి? మీరు మంచివారే కావచ్చు, ఏర్పాటు మంచిది కాదు. పిల్లకు కష్టమొస్తే చూసేవాళ్లు లేరు, మీ మీద మాటొస్తే సాక్షి లేడు.

ఏడున్నరకి ముగించండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, అందులో ఒకరు ఆడమనిషి. చిన్నవాళ్లకి మూడు రోజులు, ఆరో తరగతి దాటినవాళ్లకి మూడు రోజులు. కలిపితే పెద్దపిల్లలు విసుగెత్తి మానేస్తారు. పుస్తకంలో పేరు, తరగతి, ఇంటి ఫోను, జబ్బులేమైనా ఉంటే అవి, ఎవరొచ్చి తీసుకెళ్తారో రాసి తల్లి చేతో తండ్రి చేతో సంతకం పెట్టించండి. మెసేజీలన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే. బండి మీద దింపడం ఇక వద్దు.

సిమెంటు పోసిన డబ్బాలతో బరువులెత్తిస్తున్నారట. వెంటనే ఆపండి. రెండు వైపులా బరువు సమానంగా ఉండదు, నడుం పట్టేస్తుంది, డబ్బా జారితే కాలు చితుకుతుంది. కరణం మల్లీశ్వరి బరువులెత్తడం మొదలుపెట్టిన ఊసవానిపేట మీకు పక్కనే, ఆ మోజు తెలుసు. అయినా కోచ్ దొరికేదాకా ఉత్త కర్రతో కూర్చుని లేవడం చాలు.

పిల్ల ఎవరైనా తన మీద జరిగిన అఘాయిత్యం చెబితే పెద్దమనుషుల్లో పెట్టకండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పెళ్లి కుదిర్చారనో పనికి పంపేస్తున్నారనో తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

ఉద్యోగం మాత్రం వెతుక్కోండి. దొరికాక వారానికి రెండు రోజులే కుదిరితే రెండు రోజులే పెట్టండి, ఆ సంగతి పిల్లలకు నెల ముందే చెప్పండి. చెప్పకుండా మూసేస్తే వాళ్లు మళ్లీ ఎవరినీ నమ్మరు.

ఇక ఈ ఆదివారం అన్నయ్య ఇంట్లో ఉన్నప్పుడు సేవ మాటెత్తకుండా 'పాపని ఎందుకు పంపట్లేదు' అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. ఆ రెండో పెద్దమనిషిగా మొదటి నెల వదినని కూర్చోమనండి. ఏడున్నరకి వదిలేస్తే ఆవిడకి రాత్రి వంటకీ ఇబ్బంది ఉండదు.