బస్సులో గొలుసు పోతే మా పరిధి కాదంటున్నారు!

ప్రశ్న: అమ్మతో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చాను. సూర్యాపేట దగ్గర టిఫినుకు దిగినప్పుడు చేతిసంచి సీట్లోనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే నాలుగు తులాల గొలుసు లేదు. దగ్గరి స్టేషనుకెళితే ‘సూర్యాపేటలో ఇవ్వండి’ అన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు సూర్యాపేట వెళ్లనక్కర్లేదమ్మా. పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనని దాని 173వ సెక్షన్‌లో ఉంది. జీరో నంబరుతో ఎఫ్ఐఆర్ కట్టి, వాళ్లే సూర్యాపేటకు పంపాలి. జీరో ఎఫ్ఐఆర్ ఇదివరకూ ఉండేది, కాకపోతే చట్టంలో కాదు, ఉత్తర్వుల్లో. 2019లో శంషాబాద్ దిశ ఘటనప్పుడు ‘మా పరిధి కాదు’ అనే మాట ఎంత పని చేసిందో చూశాం. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా.

ఈసారి వెళితే ‘వస్తువు పోయింది’ అని అర్జీ రాయమంటారు. ఒప్పుకోకండి. దొంగతనం అనే రాయండి. ఇంకో మెలిక ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని కొత్త చట్టం వెసులుబాటిచ్చింది. నాకైతే ఇది నచ్చలేదు, కాలయాపనకు చక్కటి సాకు. మీ విషయంలో అది చెల్లదు. మామూలు దొంగతనానికి మూడేళ్లే గానీ, బస్సులోంచి వస్తువు దొంగిలిస్తే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకూ పడుతుంది. ‘ఏడేళ్ల లోపు’ లెక్కలోకి రాదు. ఫిర్యాదులో ఆ సెక్షన్ నంబరు రాయండి, ఎదుటివాళ్ల స్వరం మారుతుంది.

ఆన్‌లైన్‌లో పంపినా సరే, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. అప్పటికీ కట్టకపోతే డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. సాక్షిగా అమ్మ వాంగ్మూలం కావాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఆడవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదని సురక్షా సంహిత 179వ సెక్షన్. తొంభై రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు చెప్పాలి. గొలుసు బిల్లు, అమ్మ అది వేసుకున్న ఫొటో, బస్సు టికెట్టు జిరాక్సులు ఫిర్యాదుకు జతచేయండి.