రిజ్, బెట్, నో క్యాప్... ఈ మాటలు పెద్దవాళ్లం కూడా నేర్చుకోవాలా?

పిల్లలు వాడే ఇంగ్లీషు స్లాంగుకి అర్థాల జాబితా ఉంటే చెప్పండి, బట్టీ పట్టి మా వాడితో వాడి భాషలోనే మాట్లాడతాను అని అడిగారు. జాబితాలకేం, కావలసినన్ని దొరుకుతాయి. బట్టీ మాత్రం పట్టకండి.

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఓసారి పెదనాన్న ఒక జోకు పెట్టారు. ఆయన జోకు పెడితే చప్పట్ల బొమ్మో దండం బొమ్మో పడటం రివాజు. ఆరోజు మా అన్నయ్య కొడుకు మాత్రం పుర్రె బొమ్మ పెట్టి, కింద ‘అయామ్ డెడ్’ అని రాశాడు. అంతే, గ్రూపులో చడీచప్పుడు లేదు. కాసేపటికి ఫోనొచ్చింది, అదీ వాడికి కాదు, అన్నయ్యకి. "డెబ్బై దాటినవాడికి పుర్రె పంపిస్తాడా, ఇదేం పెంపకంరా?" వాడు పక్కనే తల పట్టుకుని, "నాన్నా, తెగ నవ్వొచ్చిందని దానర్థం, తాతయ్యని మెచ్చుకున్నాను" అంటున్నాడు. ‘నవ్వలేక చచ్చాం రా’ అని మాటకి ముందొకసారి వెనకొకసారి అనేది పెదనాన్నే! ఆ సంగతే ఫోన్లో చెప్తే కాస్త తగ్గి, "అయితే నోటితో అనాలి గానీ ఆ బొమ్మెందుకు" అన్నారు.

ఇక్కడ జాబితా ఏం చేస్తుంది? పుర్రె అంటే నవ్వు అని రాసుకుంటారు, రేపు అదే పుర్రె వెటకారంగా వస్తుంది, అప్పుడేం చేస్తారు? ఎవరు ఎవరితో ఏ ధోరణిలో అన్నారన్నదే అర్థం.

అడిగారు కాబట్టి చెప్తున్నాను. బెట్ అంటే పందెం కాదు, ‘సరే, అలాగే’ అని. క్యాప్ అంటే కోతలు కోయడం, అబద్ధం; నో క్యాప్ అంటే ఒట్టు, నిజం. సస్ అంటే అనుమానంగా ఉందని, 2020లో పిల్లలంతా ఇళ్లలో కూర్చుని అమాంగ్ అస్ అనే వీడియో గేమ్ ఆడి ఊరంతా పాకించిన మాట. మిడ్ అంటే అంతంత మాత్రం, మీ వంటని అంటే మాత్రం కాస్త పట్టించుకోండి. రిజ్ అంటే ఎదుటివాళ్లని మాటలతో బుట్టలో వేసుకునే నేర్పు, కరిజ్మాలోంచి పీకిన మధ్య ముక్క. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దీన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. నన్నడిగితే నిఘంటువు వాళ్లు దండ వేశారంటే పిల్లల దగ్గర ఆ మాటకి రోజులు దగ్గరపడ్డట్టే. 2025లో కేంబ్రిడ్జి నిఘంటువు స్కిబిడిని కూడా చేర్చుకుంది, బాగుందని అనొచ్చట, బాగాలేదనీ అనొచ్చట, అసలే అర్థం లేకుండా కూడా అనొచ్చట!

ఇంకోటి, ఈ కాలం పిల్లలు భాషని పాడుచేస్తున్నారని గోల పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓఎంజీ (ఓ మై గాడ్) అన్నది ఎవరో కుర్రాడు కనిపెట్టింది అనుకుంటారు కదా, అది 1917 నాటి ఉత్తరంలోనే ఉంది. రాసింది బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ ఫిషర్, 76 ఏళ్ల పెద్దాయన, అందుకున్నది చర్చిల్. మనం పొద్దస్తమానం అనే ఓకే కూడా 1839లో బోస్టన్ పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ని కావాలనే ఓ, కే అక్షరాలతో మొదలయ్యేలా తప్పుగా రాసి, ఆ రెండక్షరాలతో వేసిన జోకే. పైగా ఇవన్నీ జెన్ జీ, అంటే ఈ తరం కుర్రకారు సృష్టి అంటారు, క్యాప్ లాంటివి నల్లజాతి అమెరికన్ల మాటల్లోంచి, వాళ్ల హిప్‌హాప్ పాటల్లోంచి వచ్చాయని ఒక్కడూ చెప్పడు.

అందుకని అర్థం కాకపోతే మీవాణ్నే అడగండి, కాస్త విసుక్కున్నా చెప్తాడు, పెద్దవాళ్లకి పాఠం చెప్పే అవకాశం ఏ పిల్లాడూ వదులుకోడు. మీరు మాత్రం మీ తెలుగులోనే మాట్లాడండి. భోజనాల దగ్గర మీరు ‘నో క్యాప్ రా’ అన్నారనుకోండి, కంచం పట్టుకుని గదిలోకి వెళ్లిపోతాడు.