ఎలుకకు సూది గుచ్చాలంటే చేతులు వణికితే, ఈ పరిశోధనకు పనికిరానట్టేనా?

ప్రశ్న: మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. వైరస్‌ల వల్ల బ్లడ్ క్యాన్సర్ ఎలా వస్తుందన్న అంశంపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాకు నచ్చిన ల్యాబ్‌లో పనంతా ఎలుకల మీదే. వాటికి సూది గుచ్చాలంటేనే చేతులు వణుకుతాయి. పైగా జంతువులపై ప్రయోగాలు త్వరలో ఆగిపోతాయని, ఆ అనుభవం ఎందుకూ కొరగాదని సీనియర్లు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మొదట్లో చేతులు వణకడం చాలామందికి ఉండేదే. పక్కన నిలబడి నేర్పేవాళ్లుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. దాన్ని చూసి వెనకడుగు వేయొద్దు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ అంశానికి బతికున్న జంతువు ఎందుకు కావాలో మీకు స్పష్టంగా తెలియాలి. అది తెలియకుండా చేరినవాళ్లకు రెండో ఏడాదికల్లా ఆ పని మోయలేని బరువైపోతుంది.

ఎప్‌స్టీన్-బార్ వైరస్‌నే తీసుకోండి. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందికి ఇది ఎప్పుడో సోకే ఉంటుంది. ఒకసారి చేరితే బి కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) జీవితాంతం దాక్కుంటుంది. ల్యాబ్ పళ్లెంలో బి కణాలకు ఈ వైరస్ సోకిస్తే అవి ఆగకుండా విభజన చెందుతూ పోతాయి. మరి శరీరంలో అలా జరగదేం? వైరస్ ఉన్న కోట్లమందిలో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) ఏ కొద్దిమందికో మాత్రమే ఎందుకు వస్తోంది? టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు నిత్యం కాపలా కాస్తూ వైరస్ సోకిన కణాలను చంపేస్తుంటాయి కాబట్టి. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో ఈ లింఫోమాలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. టి కణాలకు సోకే హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ ఉన్నవాళ్లలోనూ నూటికి సుమారు 5 మందికే ల్యుకేమియా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) వస్తుంది, అదీ దశాబ్దాల తర్వాత. సోకడానికీ క్యాన్సర్ రావడానికీ మధ్య ఏం జరుగుతోందన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న. ఎముక మజ్జ, ప్లీహం, లింఫ్ గ్రంథులు, కాపలా కణాలు అన్నీ కలిసి పనిచేసే చోట దాన్ని చూడాలి. ప్రస్తుతానికి ఆ మొత్తాన్ని పళ్లెంలో పెట్టలేం.

ఈ దారి కొత్తదేమీ కాదు. కోళ్లలో ల్యుకేమియాను కణాలు లేకుండా వడగట్టిన ద్రవంతోనే ఒకదాని నుంచి మరోదానికి ఎక్కించవచ్చని 1908లో కోపెన్‌హాగన్‌లో ఎల్లర్‌మాన్, బాంగ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అంటే కారణం కణాలకంటే చిన్నదైన వైరస్ అన్నమాట. అప్పట్లో ల్యుకేమియాను క్యాన్సర్‌గా లెక్కించేవారు కాదు కాబట్టి ఎక్కువమంది పట్టించుకోలేదు. 1951లో లుడ్విక్ గ్రాస్ అనే శాస్త్రవేత్త ల్యుకేమియా ఉన్న ఎలుకల నుంచి అలాగే కణాలు లేకుండా తీసిన ద్రవాన్ని, పెద్ద ఎలుకలను వదిలి, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించి వాటిలో ల్యుకేమియా వచ్చేలా చేయగలిగారు. జంతువు వయసు మారితే జవాబే మారిపోయింది. ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగేది ఇలాంటి ఆలోచనే, సంవత్సరాలు గుర్తుపెట్టుకోవడం కాదు.

ఇప్పటి ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. ఎప్‌స్టీన్-బార్ వైరస్ మామూలు ఎలుకల్లో పెరగదు. అందుకే రోగనిరోధక వ్యవస్థ దాదాపు లేని ఎలుకల్లో మనిషి రక్త మూలకణాలు ఎక్కించి, వాటిలో మనిషి రక్తకణాలు తయారయ్యేదాకా ఆగుతారు. దానికే మూడు నెలల దాకా పడుతుంది. ఆ తర్వాతే వైరస్ ఎక్కించేది. అంటే ఒక్క ప్రయోగానికి అర ఏడాది పోవచ్చు, చివర్లో ఫలితం రాకపోనూవచ్చు. ఈలోగా ప్రతి ఎలుకనూ తరచూ తూకం వేయాలి, ఒళ్లు ముడుచుకుని మూల కూర్చుందా, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా అని చూడాలి. బరువు ముందే నిర్ణయించిన హద్దు దాటి పడిపోతే, డేటా సగంలో ఉన్నా సరే, దాన్ని బాధ లేకుండా చంపేయాల్సిందే. ఆదివారమైనా పండగైనా ఈ డ్యూటీ తప్పదు. ఆ రోజు కడుపు కోసి చూస్తే మామూలుగా సన్నగా నాలుకలా ఉండే ప్లీహం బాగా ఉబ్బి కనిపించవచ్చు. మొదటిసారి చూసినప్పుడు చాలామందికి మాట రాదు. చూడటానికి కష్టంగా ఉన్నా, మీరు వెతుకుతున్న సమాధానం అందులోనే ఉంటుంది.

మీ భయానికి పనికొచ్చే విషయం ఒకటి. తోక పట్టి ఎత్తితే ఎలుక బెదిరిపోతుంది. చిన్న గొట్టంలోకి రానిచ్చో, రెండు అరచేతులు దొప్పలా పట్టో ఎత్తితే దాని ఆందోళన బాగా తగ్గుతుందని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఎలుక నిమ్మళంగా ఉంటే మీ చేతులూ నిమ్మళంగా ఉంటాయి. మీరు చేరబోయే ల్యాబ్‌లో ఎలుకల్ని ఎలా ఎత్తుతున్నారో గమనించండి. అక్కడి క్రమశిక్షణ గురించి అదొక్కటే చాలా చెప్తుంది.

ఇక సీనియర్ల మాట. అందులో కొంత నిజముంది, కొంత కలగాపులగం. కొత్త మందులకు జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 చివర్లో తొలగించింది. అది మందుల అనుమతికి సంబంధించిన విషయం. వ్యాధి ఎలా పుడుతుందో తెలుసుకునే మౌలిక పరిశోధన వేరు. అయినా గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. జంతువుల పనితోపాటు ఫ్లో సైటోమెట్రీ (కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా లెక్కించి రకాలు గుర్తించే పద్ధతి), కణజాల పరీక్ష, టాన్సిల్ కణాలతో పళ్లెంలో చేసే ఆర్గనాయిడ్ (అవయవానికి చిన్న నమూనా) ప్రయోగాలు, జన్యు డేటాను కోడింగ్‌తో విశ్లేషించడం పట్టుబట్టి నేర్చుకోండి. గణాంకాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఎన్ని ఎలుకలు సరిపోతాయో ముందే లెక్కగట్టగలిగినవాళ్లే అనవసరంగా ఎక్కువ ప్రాణులు పోకుండా చూడగలరు. వ్యాక్సిన్ సంస్థల్లోనూ మందుల కంపెనీల్లోనూ ఈ నైపుణ్యాలన్నీ అక్కరకొస్తాయి.

దరఖాస్తుకు ముందు ఆ గైడ్‌కు ఈమెయిల్ రాసి, రెండు వారాలు యానిమల్ హౌస్‌లో చూడనిస్తారా అని అడగండి. అక్కడి రీసెర్చ్ స్కాలర్లను విడిగా కలిసి ఇవి తెలుసుకోండి: కొత్తవాళ్లకు ఎవరు నేర్పుతారు? సెలవుల్లో డ్యూటీలు ఎలా పంచుకుంటారు? ఎలుకల ప్రయోగం విఫలమైతే థీసిస్‌కు వేరే ఆధారం ఉంటుందా? మూడో ప్రశ్నకు జవాబు సరిగా రాకపోతే ఇంకో ల్యాబ్ వెతకండి.

ఆ రెండు వారాల్లో తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఎలుకల వల్ల అలర్జీ రావడం ఈ పనిలో మామూలే, కొందరికి ఉబ్బసం దాకా పోతుంది. వెంటనే డాక్టర్‌కు చూపించండి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి ఇలాగే రెండో ఏడాదిలో ఎలుకల పని మానేయాల్సి వచ్చింది. అదే ప్రశ్నను రోగుల రక్త నమూనాలతో, జన్యు డేటాతో కొనసాగించి పీహెచ్‌డీ పూర్తిచేసింది. చూసొచ్చాక కూడా మనసు ఒప్పుకోకపోతే ఆ దారి మీకూ ఉంది. దానికి ఎలాంటి ల్యాబ్ వెతకాలో అప్పుడు రాయండి, వివరంగా చెప్తాను.