కొత్త స్టేడియం, కొత్త మేనేజర్, అయినా అట్టడుగే!

ప్రశ్న: 2012లో మయామి మార్లిన్స్ బేస్‌బాల్ జట్టు కొత్త స్టేడియంలోకి మారి, పేరున్న మేనేజర్‌ని తెచ్చుకుని, ఒక్క సీజన్‌కే ఆయన్ని సాగనంపిందట. ఎందుకు? మేనేజర్ అంటే మన క్రికెట్ కోచ్ లాంటివాడేనా?
– ఒక పాఠకుడు, హబ్సిగూడ

జవాబు: కోచ్ కన్నా ఎక్కువే. మన కెప్టెన్ మైదానంలో చేసే పనులు చాలావరకు అక్కడ మేనేజర్ డగౌట్‌లో కూర్చుని చేస్తాడు. తొమ్మిది మంది బ్యాటింగ్ వరుస రాసి అంపైర్‌కి ఇస్తాడు. ఆ వరుసను మనలా మధ్యలో అటూ ఇటూ చెయ్యడం కుదరదు. పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ని, ఎప్పుడు తప్పించాలన్నదే అసలు తలనొప్పి. బయటికి వెళ్లినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడకూడదు. కాబట్టి తొందరపడితే చివర్లో పిచర్లు మిగలరు, ఆలస్యం చేస్తే అలసిన చేతి బంతుల్ని ఉతికేస్తారు. ఒకే ఇన్నింగ్స్‌లో (మ్యాచ్‌లో ఇలాంటివి తొమ్మిది ఉంటాయి) మేనేజర్ ఒకే పిచర్ దగ్గరికి రెండోసారి నడిచి వెళ్లాడంటే ఇక అతన్ని తప్పించాల్సిందే.

మార్లిన్స్ తెచ్చుకున్నది ఓజీ గియెన్‌ని. 2005లో చికాగో వైట్ సాక్స్‌ని వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) విజేతగా నిలిపిన ఘనుడు. కానీ నోటి దురుసు. క్యూబా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పేట లిటిల్ హవానాలో స్టేడియం పెట్టుకుని, సీజన్ మొదట్లోనే, వాళ్లలో చాలామంది ఎవరి పాలన భరించలేక వచ్చేశారో ఆ క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోని మెచ్చుకున్నాడు. జట్టే 5 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసింది. జులైలో పేరున్న ఆటగాడు హాన్లీ రమిరెజ్‌ని వదులుకున్నారు. చివరికి 69 గెలుపులు, 93 ఓటములు, తమ డివిజన్‌లో (లీగ్‌లోని అయిదు జట్ల గుంపు) ఆఖరి స్థానం. విచిత్రం ఏమిటంటే, అదే ఏడాది బాబీ వాలెంటైన్‌ని తెచ్చుకున్న బోస్టన్ రెడ్ సాక్స్ లెక్క కూడా అచ్చం 69–93. ఆయనకూ ఒక్క సీజనే దక్కింది.

అయితే తప్పంతా గియెన్ మీదకు నెట్టడం అన్యాయం. ఆటగాళ్లను తెచ్చేదీ పంపేదీ యాజమాన్యం. ఆయన వెళ్లి నెల తిరక్కుండానే రెయెస్, బ్యుర్లీ లాంటి ఖరీదైన ఆటగాళ్లను టొరంటో జట్టుకి పంపేశారు.

ప్రశ్న: ఆ స్టేడియంలో హోం రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టడం కష్టమంటారు. కొలతలు అన్నిచోట్లా ఒకటి కావా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: పరుగు తీసేవాడు చేరాల్సిన బేస్‌ల మధ్య 90 అడుగులు, పిచర్ నుంచి హోం ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటు) 60 అడుగుల 6 అంగుళాలు. ఇవి మారవు. వెనక గోడ ఎంత దూరమన్నది ఊరికో తీరు. మయామిలో మధ్యగోడ మొదట 418 అడుగులు, అంటే సుమారు 127 మీటర్లు. మన దగ్గర 80 మీటర్ల సిక్సర్‌కి జనం లేచి నిలబడతారు. అక్కడ ఆ వైపు కొడితే ఫీల్డర్ తీరిగ్గా పట్టే క్యాచ్ అది. 2016లో గోడను 407 అడుగులకు ముందుకు జరిపారు. దానివల్ల హోం రన్‌కి దారి సులువైనా, ఫీల్డర్ల వెనక ఖాళీ తగ్గి, బంతి నేలన పడి దొర్లే జాగా పోతుంది.

ఊరి ఎత్తు కూడా చూసుకోవాలి. సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. పైగా పొడిగాలికి ఎండిన బంతి గట్టిపడి బ్యాట్ మీంచి ఇంకా చురుగ్గా ఎగురుతుంది. అందుకే 2002 నుంచి అక్కడ బంతుల్ని తేమ తగ్గకుండా ప్రత్యేక గదిలో ఉంచుతున్నారు.