చోక్ తీయగానే ఆగిపోతున్న యెజ్డీ రోడ్‌కింగ్‌కు

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన మీ మోటారుసైకిలు, స్పార్క్ బాగానే ఉన్నా, చోక్ (గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే స్టార్టయి, తీయగానే ఆగిపోతున్నదని రాశారు. అలాగైతే కార్బురేటరులోని పైలట్ జెట్ (ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే, సన్నని రంధ్రమున్న చిన్న ముక్క) పూడుకుపోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. స్పార్క్ బాగున్నది కనుక దానిని పుట్టించే పాయింట్లను ప్రస్తుతానికి కదిలించకండి.

1. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, కార్బురేటరును దించి, పైలట్ జెట్‌ను సరైన కొలత స్క్రూడ్రైవరుతో విప్పండి. అది మెత్తని ఇత్తడి కనుక బలం ప్రయోగించవద్దు.

2. జెట్‌ను కార్బురేటర్ క్లీనరులో నానబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి రంధ్రం గుండ్రంగా కనబడేదాకా శుభ్రం చేయండి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం సాగి జెట్ పనికిరాకుండా పోతుంది.

3. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ట్యాంకును. హైదరాబాదు వానాకాలాలను ఖాళీగా గడిపిన ట్యాంకులో తుప్పు తప్పదు. దానిని అలాగే ఉంచి కార్బురేటరును మాత్రమే కడిగితే, ఆ తుప్పు పొడి దిగివచ్చి జెట్‌ను మళ్లీ మూసివేస్తుంది. కాక్ విప్పి, ఆ రంధ్రాన్ని గట్టిగా మూసి, ట్యాంకును వెనిగర్‌తో నింపి రాత్రంతా ఉంచండి. తరువాత నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా ఆయిల్ కలిపిన పెట్రోలుతో లోపలి గోడలన్నీ తడపండి, ఎందుకంటే ఉత్త ఇనుము గంటల్లోనే తిరిగి తుప్పు పడుతుంది. కాక్ జాలీని కడిగి, కొత్త ఫిల్టరు వేయండి.

4. పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ తప్పక కలపండి; లేకుంటే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది.

జెట్ మార్చవలసి వస్తే పాతదానిని హైదరాబాదులో బండ్ల విడిభాగాలు దొరికే పుత్లీబౌలికి తీసుకువెళ్లి, దానిపైనున్న అంకె సరిచూసి కొనండి.