మొదట తేదీ చూడు

చిరంజీవి బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పరిశోధనకు ఇంగ్లండు పల్లెల మరణానంతర ఆస్తి జాబితాలు ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. పాత కాగితాల దుమ్ము పీల్చడానికి మన ఇంట్లో మరొకరు తయారయ్యారని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ తొందర నాకు తెలియనిదా!

ఆ కాలపు చేతిరాత లిపి నేర్చుకో. అప్పట్లో పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఇలాంటివి నువ్వే చూసుకోగలవు.

నా బెంగంతా తేదీ గురించే. 1529 నాటి చట్టం ప్రకారం మనిషి పోయాక ఇరుగుపొరుగువారు వచ్చి సొత్తుకు విలువ కట్టేవారు. వాళ్లు రాసింది ఆ రోజు కంటికి కనిపించినదే. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు సెప్టెంబరులో పోయిన రైతును సంపన్నుడన్నాడు, జూన్‌లో పోయినవాణ్ణి బీదవాడన్నాడు. మొదటివాడి గాదెలు అప్పుడే నిండాయి. రెండోవాడికి పాత గింజలు అయిపోయాయి, కొత్తవి ఇంకా చేలోనే ఉన్నాయి. అంతే తేడా! చేలో పైరూ జాబితాకెక్కుతుంది కానీ చలికాలంలో దానికి కట్టేది దుక్కి, విత్తనాల ఖర్చే. కోత దగ్గరపడితే పంట ధర. చరిత్రకారుడు మార్క్ ఓవర్టన్ 1979లో కోతకు ముందరి జాబితాల్లోని ఎకరా పైరు విలువను ధాన్యం ధరతో భాగించి దిగుబడి అంచనా కట్టాడు. అదే సూత్రం ఫిబ్రవరి జాబితాకు తగిలించావో, బంగారం లాంటి నేల గొడ్డుపోయినట్టు తేలుతుంది.

పైగా 1752కు ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాగితం మీద 1640 ఫిబ్రవరి అంటే మన లెక్కలో 1641. ఆ కుర్రవాడు అదీ చూడలేదు, ధరలన్నీ ఏడాది వెనకవి వేశాడు. తెలివితక్కువవాడేం కాదు. పట్టికలు ముచ్చటగా ఉండేవి, చూసి నేనే మెచ్చుకునేదాన్ని. నీ పట్టికలూ ముచ్చటగానే ఉంటాయి కాబట్టి ఇంత గొంతు చించుకుంటున్నాను.

సొంత భూమి ఆ జాబితాల్లో ఉండదు, కౌలు హక్కు ఉంటుంది. పోయినవాడు తీర్చవలసిన బాకీలు చాలావాటిలో ఉండవు. భర్త ఉన్న ఆడమనిషి పేరిట జాబితా అరుదు. ఆమె సామానూ చట్టం దృష్టిలో అతనిదే. రాట్నం అతని పేర ఉందని నూలు వడికింది అతనే అనుకోకు తల్లీ, నాకు కోపం వస్తుంది.

కళ్లద్దాలు మార్పించుకో. మొదటి పట్టిక నాకు పంపు. నెల గడి ఖాళీగా ఉంటే మిగతాది చదవకుండానే తిప్పి పంపేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ