స్టాటిస్టిక్స్ చదువుతానన్న మేనకోడలికి

అమ్మలూ,

ఆదివారం రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పది నిమిషాలసేపు ఎండల గురించి, నా మోకాళ్ళ గురించి మాట్లాడాక అసలు సంగతి బయటపెట్టాడు. "అక్కా, దానికి మంచి ర్యాంకు వచ్చింది. కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చేస్తుంది. అది వద్దంటోంది. డిగ్రీలో చేరి స్టాటిస్టిక్స్ చదువుతుందట. నువ్వు చెబితే వింటుంది" అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. రేపు మాట్లాడతానని పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

35 ఏళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. మన ఇంటి పిల్ల ఎవరూ పొమ్మనకుండానే గణితం వైపు వెళ్తానంటే నాకు గర్వంగా ఉండదా? ఉంది. భయమూ ఉంది. ఆ భయం ఎందుకో ఫోన్లో చెప్పబోతే గొంతు పూడుకుపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. మీ పిన్ని వాళ్ళ గృహప్రవేశంలో ఎవరో ఏ బ్రాంచి తీసుకుంటున్నావని అడిగితే, "ఇంజనీరింగే చదవను" అని పంక్తిలో అందరి ముందూ అన్నావట. మీ నాన్న ఆ మాట వినడం అదే మొదటిసారట. విస్తరి ముందు కూర్చున్న మనిషి ఆ తర్వాత ఏం తిన్నాడో ఆలోచించావా? నీ నిర్ణయం నీదే. దాన్ని మొదట వినే హక్కు మాత్రం మీ అమ్మానాన్నలది. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేలోగా వాడికి క్షమాపణ చెప్పి రా. చదువు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

చెప్పి వచ్చావనే అనుకుంటాను. ఇక విను.

నీకు తెలిసిన పనులే ఇవి. డిగ్రీ సీట్ల కోసం దోస్త్‌లో నమోదు చేసుకో. ఇంజనీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు కూడా పెట్టు. మనసు కుదిరేదాకా రెండు తలుపులూ తెరిచే ఉండాలి. తేదీలు గోడ మీద రాసుకో. చేరాలనుకున్న కాలేజీకి వెళ్ళి మొదటి సంవత్సరం పిల్లలతో కాక మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడు. స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఏడాదంతా ఉంటారో ఉండరో వాళ్ళే చెబుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆప్షన్లు నీ చేత్తో నువ్వే పెట్టు. నెట్ సెంటరులో పెట్టించుకోకు. లాగిన్, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా వదలకు. మీ నాన్న దగ్గరా వదలకు, నా దగ్గరా వదలకు. అత్తకు ఎందుకింత పట్టుదల అనుకుంటావేమో. ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్నకు కూడా నేను ఎన్నడూ చెప్పని సంగతి.

మన ఊరి పక్క నుంచి సాగర్ కుడి కాలువ నుంచి చీలిన మేజరు వెళ్తుంది కదా. మీ నాన్న చిన్నప్పుడు బడి వదలగానే ఇంటికి రాకుండా తూము దగ్గరికి పోయేవాడు. కాలువ నీళ్ళు వదిలే లస్కరు షట్టరు తిప్పుతుంటే పక్కనే నిలబడేవాడు. షట్టరు ఎంత ఎత్తితే నీళ్ళు ఎంత వెళ్తాయి, చివరి పొలానికి ఎన్ని గంటలకు చేరతాయి, ఇవే వాడి ప్రశ్నలు. ఆ లస్కరు విసుక్కోకుండా చెప్పేవాడు, పుణ్యాత్ముడు. సివిల్ ఇంజనీరునవుతానని వాడు ఆరో తరగతిలోనే అన్నాడు. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకున్నదీ అందుకే.

1987లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లదోమ ముంచేసింది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు. అప్పు మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పురుగుమందే తాగి చనిపోయిన రైతులు ఉన్నారు. మీ తాతయ్య పొలం వెళ్ళి రావడం ఆలస్యమైతే మీ నాయనమ్మ, నేను వీధి గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన సాయంత్రాలు ఉన్నాయి. 1989లో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఇంట్లో నెల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఆ మరుసటి ఏడాదే మీ నాన్న ఎంసెట్ రాశాడు.

అప్పట్లో వెబ్ ఆప్షన్లు లేవు. ర్యాంకుల వరుసలో పిలిచేవారు. లోపలికి వెళ్ళి, ఏ కాలేజీలో ఏ బ్రాంచి మిగిలిందో చూసుకుని అక్కడికక్కడే చెప్పాలి. తాతయ్యకు జ్వరం, అందుకని వాడి వెంట నేను హైదరాబాదు వెళ్ళాను. వరండాలో మూడు గంటలు నిలబడ్డాం. మా ముందు నిలబడ్డ ఒకాయన తన కొడుక్కి ఎలక్ట్రానిక్స్ తీసుకుంటున్నానని చెప్పాడు. సివిల్ చదివితే ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలి, ఎలక్ట్రానిక్స్ వాళ్ళను కంపెనీలు పిలిచి మరీ తీసుకుంటాయి అన్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. తాకట్టులో ఉన్న నాయనమ్మ గాజులు గుర్తుకొచ్చాయి.

లోపలికి వెళ్ళాం. బల్ల అవతల కూర్చున్న పెద్దాయన మీ నాన్న వైపు చూసి, "ఏం కావాలి బాబూ?" అని అడిగారు. వాడు నోరు తెరిచాడు. 'సి' అన్న అక్షరం దాకా వచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం. నేను "ఎలక్ట్రానిక్స్ సార్" అన్నాను.

ఆయన వెంటనే రాసుకోలేదు. మళ్ళీ వాడి వైపే చూశారు. వాడు నా వైపు చూశాడు. పదిహేడేళ్ళ పిల్లవాడు. నేను వాడికంటే పదకొండేళ్ళు పెద్దదాన్ని, వాడిని ఎత్తుకుని తిప్పినదాన్ని, వాడి ఫీజు కట్టబోయేదాన్ని. తల ఊపాడు. ఆయన రాసుకున్నారు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బస్సులో "కోపం వచ్చిందా" అని అడిగాను. "మంచిదే కదా అక్కా" అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, ఈ రోజుకీ ఎత్తలేదు. చదివాడు, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళాడు, అప్పు తీర్చాడు, నాయనమ్మ గాజులు విడిపించాడు, ఇల్లు కట్టాడు. చూసినవాళ్ళంతా, అక్క వెంట ఉండి దారి చూపించిందని నన్నే మెచ్చుకున్నారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చింది. నువ్వు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్నావు. ఆ రాత్రి మీ నాన్న హైదరాబాదు నుంచి నాకు గంటకోసారి ఫోన్ చేశాడు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులని, నీళ్ళు 896 దాటాయని, సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చి పడుతున్నాయని, ఆ డ్యాం కట్టింది అంత వరద కోసం కాదని, సాగర్‌లో ముందే ఎంత ఖాళీ చేయాలో, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏమవుతుందో ఒక్కొక్కటీ విడమరచి చెప్పాడు. భయంతో చేశాడు ఫోన్లు, నిజమే. కానీ ఆ గొంతు నాకు తెలుసు. తూము దగ్గరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి "అక్కా, ఇవాళ రెండంగుళాలు పెరిగింది" అని చెప్పే గొంతు. పందొమ్మిదేళ్ళుగా నేను వినని గొంతు. "ఇవన్నీ నీకెలా తెలుసురా?" అని అడిగాను. "అప్పుడప్పుడు చదువుకుంటూ ఉంటాను అక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు చీకట్లో కూర్చున్నాను. వాడు సివిల్ తీసుకుని ఉంటే ఇంతకంటే బాగుండేవాడని నేను అనడం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ప్రశ్న వాడిని అడిగారు. జవాబు నేను చెప్పాను. నా మనసులో దిగబడింది అదే.

ఇప్పుడు "నువ్వు చెబితే వింటుంది" అన్న మాట నా గుండెల్లో ఎలా పడిందో నీకు అర్థమైందనుకుంటాను. ఇంజనీరింగ్ చదవమని చెప్పను, వద్దనీ చెప్పను. లెక్కల మాస్టారమ్మగా నాకు తెలిసింది మాత్రం చెబుతాను.

నీ ఇంటర్ రెండో ఏడాది లెక్కల 2ఎ పుస్తకం పారేయలేదు కదా? సంభావ్యత, ఆ తర్వాత యాదృచ్ఛిక చలరాశుల అధ్యాయం తియ్యి. బేయీ సిద్ధాంతం ఏడు మార్కుల ప్రశ్న కాబట్టి పిల్లలందరూ వల్లె వేస్తారు. అది ఎందుకు నిజమని అడిగినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఈ లెక్క చెయ్యి. వెయ్యి మందిలో ఒకరికి ఒక జబ్బు ఉంది. జబ్బు ఉన్నవాళ్ళ విషయంలోనూ లేనివాళ్ళ విషయంలోనూ పరీక్ష నూటికి 99 సార్లు నిజమే చెబుతుంది. ఎవరో దారిన పోయే మనిషిని పరీక్షిస్తే జబ్బు ఉందని వచ్చింది. నిజంగా ఉండే అవకాశం ఎంత? చాలామంది 99 అంటారు. వేసి చూస్తే నూటికి తొమ్మిది దగ్గర వస్తుంది. ఆ తొమ్మిదిని చూసి, ఇదెలా కుదిరిందని కాగితం మీద కాగితం ఖరాబు చేస్తూ అన్నం సంగతి మరిచిపోతే నువ్వు ఈ చదువుకు తగినదానివే. జవాబు వచ్చింది కదా అని పుస్తకం మూసేస్తే ఇంకోసారి ఆలోచించు. ఇలా మూడు సాయంత్రాలు కూర్చో. నాకు చెప్పక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

కోర్సుకు డేటా సైన్స్ అన్న పేరు చూసి మురిసిపోకు. సిలబస్ తెరిచి సంభావ్యత, అంచనా సిద్ధాంతం, పరికల్పనల పరీక్ష, శాంప్లింగ్ ఎంత లోతుగా ఉన్నాయో చూడు. పక్కన గణితం తప్పనిసరిగా ఉండాలి. గణితం వదిలేసి స్టాటిస్టిక్స్ తీసుకున్న పిల్లలు ఎం.ఎస్సీ. దగ్గరికి వచ్చేసరికి అర్హత లేదని తెలిసి నా దగ్గర ఏడ్చిన సందర్భాలున్నాయి. స్టాటిస్టిక్స్‌లో పేరు మోసిన సి.ఆర్. రావు గారి సంగతి తెలుసు కదా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుందని అక్కడ ఉండగానే తెలిసింది, 1941లో చేరారు. నాలుగేళ్ళకు, పాతికేళ్ళ వయసులో ఆయన రాసిన పేపరులోని ఫలితాన్నే నువ్వు క్రామెర్-రావు అన్న పేరుతో చదవబోతున్నావు. ఉద్యోగం రాని రోజున ఆయన చేతిలో గణితం ఉంది కాబట్టే అటు తిరగగలిగారు. నీ చేతిలోనూ అది ఉండాలి.

మీ నాన్న భయమంతా డబ్బు గురించి. ఆ భయాన్ని చిన్నచూపు చూడకు. అది ఆ పత్తి పొలం నుంచి వచ్చింది. నీ ఇష్టం గురించి వాడితో వాదించకు. ఒక తెల్లకాగితం తీసుకుని రాసి చూపించు. బి.ఎస్సీ.తో ఆగితే పెద్ద జీతాలు రావు, ఎం.ఎస్సీ. కూడా కావాలి, అంటే నాలుగేళ్ళలో తేలిపోయే చదువు కాదని దాచకుండా రాయి. యు.పి.ఎస్.సి. నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. ఆ సంగతి రాయి. హైదరాబాదులో మందుల కంపెనీలకు ప్రయోగ ఫలితాలు లెక్కగట్టే మనుషులు కావాలి. బీమా సంస్థలకు యాక్చువరీలు, అంటే నష్టభయాన్ని లెక్కగట్టేవాళ్ళు కావాలి, ఆ పరీక్షలు కష్టమని కూడా రాయి. కుదరకపోతే ఏం చేస్తావో చివర్లో రాయి. అంకెలు కనిపిస్తే మీ నాన్న నెమ్మదిస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

సర్టిఫికెట్ల మాట మరిచిపోయాను. పరిశీలనకు చూపించు, ఒరిజినల్స్ అక్కడ వదిలి రాకు. వాటిని అట్టిపెట్టుకోకూడదని యు.జి.సి. 2018లోనే కాలేజీలకు చెప్పింది. అయినా టీసీ ఇవ్వమని తిరిగి తిరిగి ఒక ఏడాది పోగొట్టుకున్న పిల్ల నా శిష్యురాలే. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు తీయించు.

మీ అమ్మ చెబుతోంది, రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నావట. వద్దు తల్లీ. ఏ చదువుకైనా కళ్ళు కావాలి.

ఈ ఉత్తరంతో పాటు పాత నోటు పుస్తకం ఒకటి పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, జాగ్రత్తగా తెరువు. మీ నాన్నది, 1985 నాటిది. ఆగస్టు నుంచి కాలువ కట్టేసేదాకా తూము దగ్గర నీటి మట్టం రోజూ రాశాడు. ఎడమ వైపు తేదీ, కుడి వైపు అడుగులు, అంగుళాలు. నెలాఖరున సరాసరి కూడా తీశాడు. ఆ లెక్క వాడికి నేనే నేర్పాను. పుస్తకం నా దగ్గర ఉందని వాడికి తెలియదు. నవంబరులో పదకొండు రోజులు ఏమీ రాయలేదు. ఎందుకో నాకు గుర్తులేదు. నువ్వు పక్కన కూర్చుని అడుగు.

మీ మేనత్త